గేమ్ ఐడి పోయిందా? ముందు మెయిల్ సంగతి చూడండి!

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. గేమ్ ఐడి పోతే వెనక్కి ఎలా తెచ్చుకోవాలి, పాస్‌వర్డ్‌లు ఎలా కాపాడుకోవాలి అని మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఊరికే "స్టెప్ వన్, స్టెప్ టూ" అని చెప్తే రేపటికి మర్చిపోతారు. అందుకే మా ఇంట్లో జరిగిన విషయంతోనే మొదలుపెడతాను. వీడియో చివరిదాకా చూడండి. ఎందుకంటే ఇందులో అసలు పోయింది గేమ్ ఐడి కాదు.

జనవరి నెల. మంగళవారం రాత్రి పదకొండున్నర. మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడి పేరు ఇక్కడ చింటూ అనుకుందాం. ఖమ్మంలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. మామూలుగా ఫోన్ ఎత్తగానే "అన్నా, ఏం చేస్తున్నవ్" అనేవాడు ఆ రోజు గుసగుసగా మాట్లాడుతున్నాడు. "అన్నా, నా ఐడి పోయింది. నాన్నకి చెప్పకు" అన్నాడు. ఆ రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి. రెండోదే అసలు సమస్య.

ఏం జరిగిందంటే, శనివారం రాత్రి వాడి స్క్వాడ్‌లో ఆడే ఫ్రెండ్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "ఫ్రీ స్కిన్ ఈవెంట్ రా, ఈ రాత్రికే లాస్ట్" అని ఒక లింక్. పంపింది తెలిసినవాడే కాబట్టి వీడికి అనుమానం రాలేదు. కానీ ఆ ఫ్రెండ్ అకౌంట్ అంతకుముందే దొంగ చేతికి పోయింది. లింక్ నొక్కితే అచ్చం గేమ్ పేజీలాగే ఉంది. "ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి" అని నీలం రంగు బాక్స్. మెయిల్ ఐడి కొట్టాడు, పాస్‌వర్డ్ కొట్టాడు. "సర్వర్ బిజీ, 24 గంటల్లో మీ స్కిన్ వస్తుంది" అని చూపించింది. వాడు హ్యాపీగా పడుకున్నాడు. పొద్దున లేచేసరికి గేమ్ లాగౌట్ అయిపోయింది, ఫేస్‌బుక్ లాగౌట్ అయిపోయింది. జీమెయిల్ ఓపెన్ చేస్తే పాస్‌వర్డ్ తప్పు అంటోంది.

ఇక్కడ ఆగండి. వాడు దొంగకి ఇచ్చింది ఫేస్‌బుక్ పాస్‌వర్డ్. మరి జీమెయిల్ ఎలా పోయింది? ఎందుకంటే రెండింటికీ ఒకటే పాస్‌వర్డ్. అంతే. హ్యాకింగ్ లేదు, నల్ల స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు లేవు. ఒక తాళంచెవి దొరికింది, పక్క గదికి కూడా పెట్టి చూశాడు, తెరుచుకుంది.

ఇంకో మాట. గేమ్‌కి అసలు పాస్‌వర్డే లేదు. మీరు ఆడే చాలా మొబైల్ గేములకి సొంత పాస్‌వర్డ్ ఉండదు, గమనించారా? ఫేస్‌బుక్‌తోనో, గూగుల్‌తోనో, ఎక్స్‌తోనో, యాపిల్‌తోనో లాగిన్ అవుతాం. అంటే గేమ్ పై అంతస్తు అనుకోండి. కింద ఫేస్‌బుక్ ఉంటుంది. ఫేస్‌బుక్‌కి పాస్‌వర్డ్ మార్చాలంటే కోడ్ మెయిల్‌కి వస్తుంది. కాబట్టి దాని కింద మెయిల్. ఆ మెయిల్ పోతే కోడ్ ఫోన్ నంబర్‌కి వస్తుంది. కాబట్టి అన్నిటికంటే అడుగున మీ సిమ్. పునాది మెయిల్, సిమ్. మనమేమో పై అంతస్తులో సోఫా పోయిందని ఏడుస్తుంటాం, కింద పునాది ఎవడో తవ్వుకుపోతుంటాడు.

అందుకే రికవరీ ఎప్పుడూ కింది నుంచి పైకి చేయాలి. ముందు సిమ్ మీ చేతిలో ఉందా చూడండి. తర్వాత మెయిల్. తర్వాత ఫేస్‌బుక్ లేదా ఎక్స్. ఆఖరున గేమ్. చాలామంది దీనికి రివర్స్‌లో వెళ్తారు. గేమ్ సపోర్ట్‌కి పది మెసేజ్‌లు పెడతారు. వాళ్ళు జవాబు పంపేది మెయిల్‌కి. ఆ మెయిల్ ఇప్పుడు చదివేది దొంగ. అయిపోయింది కదా!

మరి చింటూ ఏం చేశాడు? ఆదివారం పొద్దున తెలిసింది. నాకు ఫోన్ చేసింది మంగళవారం రాత్రి. మధ్యలో ఏం చేశాడు? టెలిగ్రామ్‌లో "ఐడి రికవరీ ఎక్స్‌పర్ట్" అని ఒకడిని పట్టుకున్నాడు. "బ్రదర్, గ్యారంటీ రికవరీ, 1,500 పంపు" అన్నాడట. వీడు దాచుకున్న డబ్బులు ఫ్రెండ్‌కి ఇచ్చి, ఫ్రెండ్ ఫోన్ నుంచి కొట్టించాడు. తర్వాత "ఇంకో 2,000 సర్వర్ ఫీజు" అన్నాడు. అప్పుడు వెలిగింది మనవాడికి.

ఫ్రెండ్స్, నేను లాగిన్ సిస్టమ్స్ మీద పనిచేసిన ఇంజనీర్ని. నా మాట నమ్మండి. బయటివాడు ఎవడూ మీ అకౌంట్ తెచ్చి ఇవ్వలేడు. గూగుల్ అకౌంట్ గూగుల్ ఒక్కటే ఇవ్వగలదు, గేమ్ ఐడి ఆ గేమ్ కంపెనీ ఒక్కటే ఇవ్వగలదు. మధ్యలో "నాకు లోపల మనిషి తెలుసు" అనేవాడు రెండో దొంగ. మొదటి దొంగ ఐడి పట్టుకుపోతాడు, రెండోవాడు మీ భయాన్ని పట్టుకుని డబ్బులు గుంజుతాడు. ఒక్కోసారి ఇద్దరూ ఒకడే.

సరే, ఆ రాత్రి నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఒరేయ్, జేఈఈ మెయిన్ అప్లికేషన్‌కి ఏ మెయిల్ ఇచ్చావు రా?" అవతల నిశ్శబ్దం. అదే మెయిల్. ఎగ్జామ్ వచ్చే వారం. రేపు ఎంసెట్‌కి ఇవ్వబోయేదీ అదే. వాడు మూడు రోజులుగా స్కిన్‌ల గురించి ఏడుస్తున్నాడు తప్ప, ఈ మాట వాడికి తట్టనే లేదు. అప్లికేషన్ పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ ఆ మెయిల్‌కే వెళ్తుంది. పిన్ని ఫోన్‌లోని ఫొటోలు కూడా ఆ అకౌంట్‌లోనే బ్యాకప్ అవుతున్నాయి, వీడే సెట్ చేసి పెట్టాడు. మొత్తం ఇల్లంతా ఒక గేమ్ పాస్‌వర్డ్ వెనకాల ఉంది.

ఇప్పుడు గూగుల్ రికవరీ. ఇక్కడ మీకు పనికొచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి, నోట్ చేసుకోండి. మొదటిది, నేను హైదరాబాద్‌లో నా ల్యాప్‌టాప్ నుంచి ట్రై చేయలేదు. ఎందుకంటే గూగుల్ చూసేది మీరు ఎవరు అని మాత్రమే కాదు, ఎక్కడి నుంచి, ఏ ఫోన్ నుంచి అడుగుతున్నారు అని కూడా. ఎప్పుడూ వాడే ఫోన్, ఎప్పుడూ ఉండే ఇల్లు, అదే వైఫై అయితే నమ్మకం ఎక్కువ. కొత్త ఊరు, కొత్త ల్యాప్‌టాప్ అయితే నేనే దొంగలా కనపడతా. అందుకే చింటూ ఫోన్‌లోనే, వాళ్ళ ఇంట్లోనే చేయించాను. నేను కాల్‌లో ఉన్నా అంతే.

రెండోది, "మీకు గుర్తున్న చివరి పాస్‌వర్డ్ చెప్పండి" అని అడుగుతుంది. పాతదైనా సరే, కొట్టండి. తెలియదు అని స్కిప్ చేయకండి. గుర్తున్నంతలో జవాబు ఇచ్చిన కొద్దీ ఛాన్స్ పెరుగుతుంది.

మూడోది చాలా ముఖ్యం. దొంగ లోపలికి వెళ్ళగానే రికవరీ ఫోన్ నంబర్ మార్చేస్తాడు. అయినా గూగుల్ ఒక వారం రోజుల వరకు, అంటే 7 రోజులు, పాత నంబర్‌కి కూడా కోడ్ పంపే అవకాశం ఇవ్వవచ్చు. సరిగ్గా ఇలాంటి దొంగతనాల కోసమే అది. మా దగ్గర ఉన్న ఏడు రోజుల్లో మూడు రోజులు ఆల్రెడీ సిగ్గుకే పోయాయి. మిగిలింది నాలుగు.

స్క్రీన్ మీద ఒక నంబర్ చూపించింది. చివరి రెండు అంకెలు మాత్రమే కనపడతాయి. "ఇది నీ నంబరేనా?" అంటే కాదన్నాడు. నాన్నదీ కాదు, అమ్మదీ కాదు. నేను దొంగ నంబరేమో అనుకున్నా. కానీ ఎందుకో అనుమానం వచ్చి అడిగా. "అసలు ఈ జీమెయిల్ నీకు ఎవరు క్రియేట్ చేశారు?" అప్పుడు గుర్తొచ్చింది వాడికి. టెన్త్ అయిపోయాక ఏదో ఆన్‌లైన్ అప్లికేషన్ పెట్టడానికి నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. "మెయిల్ ఐడి ఉందా బాబూ?" "లేదన్నా." ఆ అన్న రెండు నిమిషాల్లో క్రియేట్ చేసి ఇచ్చేశాడు. ఫోన్ నంబర్ అడిగిన చోట తన నంబరే కొట్టాడు, ఓటీపీ త్వరగా వస్తుందని. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో మీరే చెప్పండి. పేరు, యాట్ ద రేట్, వన్ టూ త్రీ. ఓ తెల్ల కాగితం ముక్క మీద రాసి ఇచ్చాడు. ఆ కాగితం మీదున్న పాస్‌వర్డే ఇన్నేళ్ళు జీమెయిల్‌కి, ఫేస్‌బుక్‌కి, అన్నిటికీ.

నవ్వకండి. మనలో చాలామంది మొదటి మెయిల్ కథ ఇదే. ఎంసెట్‌కో, స్కాలర్‌షిప్‌కో, రైల్వే అప్లికేషన్‌కో నెట్ సెంటర్‌లో పుట్టిన మెయిల్ అది. నాదీ అంతే. ఇప్పుడు వీడియో పాజ్ చేసి మీ జీమెయిల్‌లో రికవరీ నంబర్ ఎవరిదో ఒక్కసారి చూడండి. నిజంగా చూడండి. కొందరికి షాక్ తగులుతుంది.

సరే, బుధవారం పొద్దున చింటూ ఆ నెట్ సెంటర్ అన్నకి ఫోన్ చేశాడు. "అన్నా, నీ నంబర్‌కి ఒక కోడ్ వస్తది, చెప్పవా" అన్నాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? "ఎవరు బాబూ నువ్వు? ఓటీపీ ఫోన్లో అడిగితే చెప్పొద్దు అని రోజూ టీవీలో చెప్తున్నరు. నేను చెప్ప." పెట్టేశాడు. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క టెన్షన్. ఈ మొత్తం కథలో జాగ్రత్తగా ఉన్నది ఆయన ఒక్కడే! ఆయన చేసింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. "మీ నాన్నని తీసుకుని షాపుకి రా, మనిషిని చూస్తే చెప్తా" అన్నాడట రెండోసారి చేస్తే.

అంటే ఇక బాబాయ్‌కి చెప్పక తప్పదు. నేనే ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. గేమ్‌లో రెండేళ్ళలో పెట్టిన ఆరు వేలు, టెలిగ్రామ్ వాడికి పోయిన పదిహేను వందలు, అన్నీ. ఆయన తిడతాడని నేనూ రెడీగానే ఉన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మూడు రోజుల నుంచి వీడు అన్నం సరిగ్గా తినట్లేదు, ఎగ్జామ్ భయమనుకున్నాం రా" అన్నాడు. తిట్లు తర్వాత పడ్డాయిలెండి, అది వేరే విషయం. కానీ అప్పటికప్పుడు బండి తీసి షాపుకి వెళ్ళాడు. ఆయన అక్కడ కూర్చుని కోడ్ చదివాడు, చింటూ ఇంట్లో తన ఫోన్‌లో కొట్టాడు. మెయిల్ ఓపెన్ అయింది. అదే నంబర్‌ని ఆ అన్న ఇన్నేళ్ళుగా మార్చకుండా వాడటం మా అదృష్టం.

ఆ అదృష్టం అందరికీ ఉండదు. మీ పాత సిమ్ రీఛార్జ్ చేయకుండా వదిలేశారనుకోండి. కొన్నాళ్ళకి డీయాక్టివేట్ అవుతుంది. అలా ఆగిపోయిన నంబర్‌ని కనీసం 90 రోజుల వరకు కొత్తవాళ్ళకి ఇవ్వరు. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అంటే మీ పాత నంబర్ రేపు ఎవరో తెలియని మనిషి జేబులో ఉంటుంది, మీ ఓటీపీలు ఆయనకి వెళ్తాయి. కాలేజీకి వేరే ఊరు వెళ్ళి ఆఫర్ సిమ్ తీసుకున్నవాళ్ళు, సిమ్ మార్చే ముందు మెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో, యూపీఐలో, బ్యాంకులో నంబర్ మార్చండి. ఆ తర్వాతే పాత సిమ్ తీసేయండి.

మెయిల్ వచ్చింది కదా అని గంతులు వేయకూడదు. లోపల ముందు చేయాల్సిన పనులు నాలుగు. ఒకటి, కొత్త పాస్‌వర్డ్. రెండు, దొంగ పెట్టిన రికవరీ నంబర్, రికవరీ మెయిల్ తీసేయడం. మూడు, "మీ డివైజ్‌లు" అనే చోటికి వెళ్ళి తెలియని ఫోన్లు అన్నీ సైన్ అవుట్ చేయడం. నాలుగోది చాలామందికి తెలియదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్స్ అని ఉంటాయి, కంప్యూటర్ బ్రౌజర్‌లో ఓపెన్ చేస్తే కనపడతాయి. దొంగ అక్కడ "వచ్చే మెయిల్స్ అన్నీ నాక్కూడా ఒక కాపీ" అని పెట్టి వెళ్ళిపోవచ్చు. మీరు పాస్‌వర్డ్ మార్చినా కాపీలు పోతూనే ఉంటాయి. ఇల్లు ఖాళీ చేయించాం గానీ, కిటికీ తెరిచే ఉంచినట్టు.

ఆ తర్వాత ట్రాష్ ఫోల్డర్ చూడమన్నాను. డిలీట్ చేసిన మెయిల్స్ అందులో 30 రోజులు ఉంటాయి. దొరికింది. "మీ ఫేస్‌బుక్ ఈమెయిల్ మారింది. ఇది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి" అని శనివారం అర్ధరాత్రి ఫేస్‌బుక్ నుంచి వచ్చిన మెయిల్. దొంగ దాన్ని డిలీట్ చేశాడు, ట్రాష్ ఖాళీ చేయడం మర్చిపోయాడు. ఆ లింక్ నుంచి ఫేస్‌బుక్ వెనక్కి వచ్చింది. అలాంటి మెయిల్ దొరకనివాళ్ళు బ్రౌజర్‌లో ఫేస్‌బుక్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అని మీరే స్వయంగా టైప్ చేసి వెళ్ళండి. ఎవరో పంపిన లింక్ మాత్రం నొక్కకండి.

ఇక ఆఖరున గేమ్. ఓపెన్ అయింది. పేరు మారిపోయింది. వీడు కొన్న కరెన్సీ అంతా ఖర్చయిపోయింది. పైగా దొంగ తన ఎక్స్ అకౌంట్ కూడా ఆ ఐడికి లింక్ చేశాడు. చాలా గేముల్లో ఒకే ఐడికి రెండు మూడు లాగిన్‌లు తగిలించుకోవచ్చు. అంటే మనం ముందు తలుపు తాళం మార్చినా, వాడు వెనక తలుపు నుంచి వస్తూనే ఉంటాడు. అది తీయించడానికి గేమ్ లోపల ఉండే కస్టమర్ సపోర్ట్‌కి రాశాం. ఇక్కడ మీ దగ్గర ఉండాల్సినవి చెప్తాను. ప్లేయర్ ఐడి నంబర్. పేరు కాదు, నంబర్. పేరు మారుతుంది, నంబర్ మారదు. తర్వాత, డబ్బులు పెట్టి కొన్న రసీదులు. గూగుల్ ప్లే నుంచి కొంటే మెయిల్‌కి రసీదు వస్తుంది, అందులో జీపీఏ అని మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటుంది. ఆ కొన్నది మీరే అనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. మొదట ఏ ఫోన్‌లో ఆడారు, సుమారు ఎప్పుడు మొదలుపెట్టారు, ఇవి కూడా. ఒక్క మెసేజ్‌లో అన్నీ క్లియర్‌గా పెట్టండి. రోజుకి పదిసార్లు తిడుతూ పెట్టినా పని జరగదు. మాకు రెండు వారాలు పట్టింది, లింక్ తీసేశారు.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. చింటూ స్క్వాడ్ ఫ్రెండ్‌కి హిందీలో ఒక మెసేజ్ వచ్చింది. "భాయ్, ఈ ఐడి నేను 2,000 పెట్టి కొన్నాను, ఎవరో లాగేసుకున్నారు, నా డబ్బులు పోయాయి" అని. వాడూ ఎక్కడో ఇంకో ఊళ్ళో చదువుకునే కుర్రాడే. వాళ్ళ నాన్నకి చెప్పలేదట. చూడండి, ఇక్కడ ఒక చింటూ, అక్కడ ఇంకో చింటూ, మధ్యలో దొంగ ఇద్దరి డబ్బులూ తిన్నాడు. తక్కువ రేటుకి ఐడిలు అమ్ముతాం అనే గ్రూపుల్లో మీరు కొనే ఐడి ఎవడో ఒకడి దగ్గర కొట్టేసింది కావచ్చు. దాన్ని అసలు ఓనర్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పైగా చాలా గేముల రూల్స్ ప్రకారం ఐడి అమ్మడం, కొనడం తప్పు, బ్యాన్ కూడా చేస్తారు. కొనకండి.

గెస్ట్ అకౌంట్‌తో ఆడేవాళ్ళకి ఒక మాట. గెస్ట్ అంటే మీ ఐడి ఆ ఫోన్‌ని నమ్ముకుని ఉన్నట్టు. ఫోన్ రీసెట్ అయితే, పోతే, ఐడి కూడా దాదాపు పోయినట్టే. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్ మన దేశంలో బ్యాన్ అయింది, 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, గుర్తుందా? పాత డేటా కొత్త గేమ్‌కి తెచ్చుకునే అవకాశం ఇచ్చారు. ఫేస్‌బుక్, ట్విట్టర్ లాంటివి లింక్ చేసుకున్నవాళ్ళు తెచ్చుకున్నారు. గెస్ట్‌గా ఆడినవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. ఈ రోజే లింక్ చేసుకోండి.

ఇప్పుడు పాస్‌వర్డ్ సంగతి. "నా పాస్‌వర్డ్ ఎవరికి తెలుస్తుంది అన్నా" అంటారు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ ఉండేది, ఫేస్‌బుక్, మైస్పేస్‌లలో చిన్న చిన్న యాప్‌లు, గేములు చేసేవాళ్ళు. వాళ్ళ దగ్గరి నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు బయటికి వచ్చేశాయి. ఎందుకంటే వాటిని మామూలు అక్షరాల్లోనే దాచుకున్నారు. అందులో ఎక్కువమంది పెట్టుకున్న పాస్‌వర్డ్ ఏంటంటే, 123456. ఆ లిస్ట్ ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది. పాస్‌వర్డ్‌లు ఊహించే సాఫ్ట్‌వేర్లు మొదట అలాంటి లిస్ట్‌లనే వాడతాయి. పేరు, యాట్ ద రేట్, వన్ టూ త్రీ లాంటివి అందులో కనిపించే ప్యాటర్న్‌లే.

పద్ధతిగా ఉండే కంపెనీ మీ పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని మిక్సీలో వేసినట్టు ఒక లెక్కలో వేసి, వచ్చిన పొడిని దాచుకుంటుంది. పొడి నుంచి మళ్ళీ పప్పు రాదు కదా. అందుకే "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కితే మంచి సైట్ కొత్తది పెట్టుకోమంటుంది, పాతది చెప్పదు. ఎప్పుడైనా ఏదైనా సైట్ మీ పాత పాస్‌వర్డ్‌నే మెయిల్‌లో పంపిందా? భయపడండి. వాళ్ళు దాన్ని చదవగలిగేలా దాచుకున్నారని అర్థం.

సరే, మీరు జాగ్రత్తగానే ఉన్నారు, మీరు లాగిన్ అయిన ఒక చిన్న సైట్ జాగ్రత్తగా లేదనుకోండి. అక్కడ లీకైన మెయిల్, పాస్‌వర్డ్ జతని తీసుకుని ఇంకో వంద సైట్లలో పెట్టి చూస్తారు. మనిషి కూర్చుని చేయడు, ప్రోగ్రామ్ చేస్తుంది. ఇది ఎంత పెద్దవాళ్ళకైనా జరుగుతుంది. 2016లో మార్క్ జుకర్‌బర్గ్ ట్విట్టర్, పింటరెస్ట్ అకౌంట్లలోకి ఎవరో వెళ్ళారు. లింక్డ్‌ఇన్ నుంచి 2012లో లీకైన పాస్‌వర్డ్‌తోనే వెళ్ళామని, అది "డడడ" అని వాళ్ళు చెప్పుకున్నారు. సాక్షాత్తూ ఫేస్‌బుక్ పెట్టినాయన! ఇక మనమెంత?

కాబట్టి రూల్ ఒక్కటే. ఒక్కో తలుపుకి ఒక్కో తాళం. "అన్నా, యాభై పాస్‌వర్డ్‌లు ఎలా గుర్తుంటాయి?" గుర్తుండక్కర్లేదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది, ఐఫోన్‌లో యాపిల్‌ది ఉంది, బిట్‌వార్డెన్ లాంటివి ఫ్రీగా దొరుకుతాయి. పొడుగాటి పాస్‌వర్డ్ అదే తయారు చేస్తుంది, అదే గుర్తుపెట్టుకుంటుంది. దీంతో ఇంకో లాభం ఉంది. దొంగ పేజీ మీ కంటిని మోసం చేయగలదు గానీ, మేనేజర్‌ని అంత తేలిగ్గా మోసం చేయలేదు. అది బొమ్మ చూడదు, అడ్రస్ చూస్తుంది. అసలు ఫేస్‌బుక్ అడ్రస్ కాకపోతే పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ దానంతట అదే నింపేది ఈ రోజు నింపలేదంటే, అక్కడే ఆగి పైన అడ్రస్ చదవండి. ఆ శనివారం రాత్రి చింటూ ఫోన్‌లో ఇది ఉండి ఉంటే ఈ ఎపిసోడే ఉండేది కాదు.

మీరు బుర్రలో పెట్టుకోవాల్సింది మెయిల్ పాస్‌వర్డ్, ఫోన్ లాక్. వేరే మేనేజర్ వాడితే దానిదొకటి. వీటికి వింత గుర్తులు కాదు, పొడుగు కావాలి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు పదాలు తీసుకోండి. గోంగూర, నిచ్చెన, మంగళవారం, గొడుగు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. మీకు బొమ్మలా గుర్తుంటుంది, దొంగకి దొరకదు. ఇదే పెట్టుకోకండి మళ్ళీ! నేను చెప్పేశాను కదా. సినిమా డైలాగ్‌లు, హీరో పేర్లు, లవర్ పుట్టినరోజు కూడా వద్దు. మీ ఇన్‌స్టా చూస్తే అవన్నీ తెలిసిపోతాయి.

దాని మీద టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఇక్కడ ఒక చిన్న పని అందరూ వదిలేస్తారు. గూగుల్‌లో బ్యాకప్ కోడ్‌లు అని పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయినా, సిమ్ పోయినా ఆ కాగితంతో లోపలికి వెళ్ళొచ్చు. వాటిని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోకండి. బీరువాకి తాళం వేసి తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు ఉంటుంది. కాగితం మీద రాసి, మీ టెన్త్ మెమో ఉండే ఫైల్‌లో పెట్టండి. మన ఇళ్ళల్లో ఏది పోయినా ఆ ఫైల్ పోదు.

డబ్బులు కూడా పోయుంటే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. ఒకరి పాస్‌వర్డ్‌ని మోసంగా వాడుకోవడం ఐటీ చట్టం 66సి కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. "గేమే కదా" అని సిగ్గుపడకండి. చింటూ పదిహేను వందలు వెనక్కి రాలేదు. కంప్లైంట్ పెట్టింది నాలుగో రోజున కదా. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని ఊరికే అనలేదు.

చివరిగా ఒక్క మాట. ఈ మొత్తం వ్యవహారంలో దొంగకి బాగా హెల్ప్ చేసింది వీక్ పాస్‌వర్డ్ కాదు. "నాన్నకి చెప్పకు" అన్న ఆ మాట. అది లేకపోతే ఆదివారం పొద్దున్నే పని మొదలయ్యేది, పదిహేను వందలు మిగిలేవి, మూడు రాత్రుల నిద్ర మిగిలేది. ఫేక్ పేజీలు చేసేవాళ్ళకి, రికవరీ ఎక్స్‌పర్ట్‌లకి ఇది బాగా తెలుసు. పిల్లలు ఇంట్లో చెప్పరు అనే నమ్మకం మీదే వాళ్ళ బిజినెస్ నడుస్తోంది. కాబట్టి ఐడి పోతే ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి. నాన్నతో కష్టమైతే అక్కకో, బాబాయ్‌కో, లెక్చరర్‌కో. తిట్లు పడతాయి. పడనివ్వండి. తిట్లకి ఓటీపీ అక్కర్లేదు.

చింటూ ఎగ్జామ్ రాశాడు. గేమ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది, ఎంసెట్ అయ్యేదాకా ఓపెన్ చేయనని బాబాయ్‌కి మాటిచ్చాడట. ఎంతవరకు నిలబెట్టుకుంటాడో నాకూ డౌటే. కానీ వాళ్ళ ఇంట్లో అందరి మెయిల్స్‌కి రికవరీ నంబర్‌లు ఇప్పుడు వాడే చెక్ చేశాడు. బాబాయ్ మెయిల్‌కి కూడా నెట్ సెంటర్ అన్న నంబరే ఉందట!

సో ఫ్రెండ్స్, ఈ రోజు హోంవర్క్ ఇదే. రికవరీ నంబర్ ఎవరిదో చూడండి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాయండి. పది నిమిషాల పని. మీతోపాటు అమ్మానాన్నల ఫోన్‌లో కూడా చేయండి. ఈ వీడియో మీ స్క్వాడ్ గ్రూప్‌లో పెట్టండి, లైక్, సబ్‌స్క్రైబ్ మీకు తెలిసిందే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా మరి, బాయ్.